మైసూరులో ఇస్తామన్న పార్కింగ్, కరెంటు ఇవ్వనందుకు ఫిర్యాదు

మేనేజర్ గారికి,
కారవాన్ అద్దె సంస్థ, హైదరాబాద్.

అయ్యా,

మా అమ్మను తీసుకుని కుటుంబమంతా మైసూరు వెళ్లడానికి మీ దగ్గర కారవాన్ (లోపలే ఫ్రిజ్, ఏసీ, టాయిలెట్ ఉండే బండి) అద్దెకు తీసుకున్నాం. కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద ప్రయాణం హాయిగా సాగింది. డ్రైవర్ నెమ్మదస్తుడు, బండి జాగ్రత్తగా నడిపాడు. అతని మీద నాకే ఫిర్యాదూ లేదు. నా బాధంతా మైసూరులో జరిగిన దాని గురించే.

బుకింగ్ అప్పుడే గుచ్చి గుచ్చి అడిగాను, రాత్రిపూట బండి ఎక్కడ పెట్టాలి, కరెంటు సంగతేంటి అని. అమ్మకు షుగర్. ఇంకా తెరవని ఇన్సులిన్ పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. "మైసూరులో మాకు సొంత ఏర్పాటుంది సార్, 16 ఆంప్స్ పాయింట్, నీళ్లు, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసుకునే చోటు, అన్నీ ఉంటాయి" అన్నారు మీ ఆఫీసు వాళ్లు. అదే వాట్సాప్‌లోనూ రాసిచ్చారు. ఆ మాట నమ్మే హోటల్ బుక్ చేసుకోలేదు.

తీరా మీరు పంపిన లొకేషన్‌కు వెళ్తే అదొక కల్యాణ మండపం. లోపల పెళ్లి జరుగుతోంది. వాచ్‌మన్ గేటు తీయలేదు సరికదా, మీ సంస్థ పేరే ఎప్పుడూ వినలేదన్నాడు. మీకు ఫోన్ చేస్తే "కనుక్కుని చెప్తాం" అన్నారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

ఆ రోజు ఆదివారం. ఆదివారాలు, సెలవు రోజుల్లో సాయంత్రం మైసూరు ప్యాలెస్‌కు దీపాలు వేస్తారు, దాదాపు లక్ష బల్బులు ఒక్కసారిగా వెలుగుతాయి. అమ్మ ఎన్నేళ్లుగానో చూడాలనుకుంటున్నది అదే. ఆ వేళకు అందుకునేలా ప్రయాణం పెట్టుకున్నదీ అందుకే. సరిగ్గా అప్పుడు మేం ప్లగ్ పాయింట్ ఇస్తారేమోనని లాడ్జీల గుమ్మాలెక్కి దిగుతున్నాం. కొత్త ఊరు, కన్నడం రాదు, ఇరుకు వీధుల్లో అంత బండి తిప్పడమే గగనమైపోయింది.

చివరికి ఒక పెట్రోల్ బంకు వాళ్లు దయతలచి పక్కన ఆపుకోనిచ్చారు. కరెంటు మాత్రం లేదు. బ్యాటరీ మీద ఏసీ నడవదు, అర్ధరాత్రి దాటాక ఫ్రిజ్ కూడా ఆగిపోయింది. తెల్లారి తలుపు తీస్తే పాల ప్యాకెట్ ఉబ్బిపోయి ఉంది, ఇన్సులిన్ పెట్టె చేతికి వెచ్చగా తగిలింది. డాక్టర్ గారికి ఫోన్ చేస్తే అవి వాడొద్దు, కొత్తవి కొనమన్నారు. ఇంతకన్నా నన్ను కలిచివేసిందేమిటంటే, టాయిలెట్ ట్యాంకు నిండిపోయిందని తెలిసి అమ్మ ఎవరికీ చెప్పకుండా మంచినీళ్లు తాగడం మానేసింది. షుగర్ ఉన్న పెద్దావిడ! ఆమెకేమన్నా అయ్యుంటే మీరేం సమాధానం చెప్పేవారు? మర్నాడు పొద్దున్నే హోటల్‌లో దిగాం.

మైసూరు మజిలీకి కట్టిన అద్దె, హోటల్ ఖర్చు, ఇన్సులిన్ ఖరీదు నాకు వాపసు ఇవ్వాలి. బిల్లులు, వాట్సాప్ సంభాషణ జతచేశాను. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక టాక్సుల పేరుతో విడిగా వసూలు చేసిన సొమ్ముకు ఇంతవరకు రసీదులు ఇవ్వలేదు, అవీ పంపండి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వాలి. లేకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, సేవాలోపం జరిగిందని మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఈలోగా ఆ మైసూరు లొకేషన్‌ను మీ జాబితాలోంచి తీసేయండి. ఇంకో కుటుంబాన్ని ఆ గేటు దాకా పంపొద్దు.

ఇట్లు,
మీ కస్టమర్