స్విచ్ ఆన్ రోజు మాటలు అర్థం కావని ముందే చెప్పినవాళ్ళకి

అందరికీ నమస్తే. కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ (శబ్దాన్ని కరెంటుగా మార్చి చెవి నరానికి అందించే పరికరం, ఆపరేషన్ చేసి పెడతారు) పెట్టించుకుని ఏడాది దాటింది. ఈ ఏడాదంతా నాకు తోడున్నవాళ్ళకి విడివిడిగా థ్యాంక్స్ చెప్పాను గానీ అందరి ముందూ ఒకసారి చెప్పాలని గట్టిగా ఉంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

అందరికన్నా ముందు, నాకు ఆపరేషన్ డేట్ ఇచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పిన అక్కకి. తను కూడా నాలాగే పెద్దయ్యాక వినికిడి పోయి ఇంప్లాంట్ పెట్టించుకున్న మనిషి. అప్పటికి నేను ఆ వీడియోలు తెగ చూస్తున్నా, స్విచ్ ఆన్ చేయగానే చేత్తో నోరు మూసుకుని ఏడ్చేస్తారు చూడండి, అవి. మాకూ అలాగే అవుతుందని ఇంట్లో అందరం అనేసుకున్నాం. అప్పుడు అక్క పెట్టిన మెసేజ్ ఇది: "చూడమ్మా, ఆ రోజు నీకు మాటలు అర్థం కాకపోవచ్చు. బీప్‌లే రావచ్చు, గరగరే రావచ్చు, మీ ఆయన గొంతు కూడా నువ్వు గుర్తుపట్టలేకపోవచ్చు. అది ఫెయిలైనట్టు కాదు, అక్కడ్నుంచే మొదలు." ఆ మెసేజ్ లేకపోతే ఆ రోజు నేను తట్టుకునేదాన్ని కాదు, నిజంగా చెప్తున్నా.

ఎందుకంటే అచ్చం అలాగే జరిగింది. కుట్లు మానేదాకా కొన్ని వారాలు ఆగి, చెవి వెనక ప్రాసెసర్ (మైక్‌తో శబ్దాన్ని పట్టుకునే బయటి మెషీన్) తగిలించి, దాని కాయిల్ (శబ్దాన్ని లోపలి ఇంప్లాంట్‌కి పంపే బిళ్ళ) తల మీద చర్మం కింద మ్యాగ్నెట్ ఉన్న చోట అతికించి ఆన్ చేశారు. గాజు సీసాలో గులకరాళ్ళు పోసి ఊపితే ఎలా ఉంటుందో అలా ఉంది. మా ఆయన నా పేరు పిలిచారు, పెదాలు కదిలినప్పుడల్లా గులకరాళ్ళు కదిలాయి, పెదాలు ఆగితే ఆగాయి, అంతే, అందులో నా పేరు మాత్రం లేదు. ఆయన మొహం చూస్తే భయమేసింది, నా మొహంలో ఏం వెతుకుతున్నారో నాకు తెలుసు కదా. "వస్తోంది, సౌండ్ వస్తోంది, అక్క చెప్పినట్టే ఉంది" అన్నాను. ఆ మాటతో ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

ఆపరేషన్ చేసిన డాక్టర్ గారికి చేతులెత్తి దణ్ణం. ఆపరేషన్ ముందు మెదడు పొరల ఇన్‌ఫెక్షన్ రాకుండా న్యుమోకోకల్ టీకా వేయించుకోవాలని పట్టుబట్టింది ఆయనే, కొన్నాళ్ళు నాలుక మీద ఇనుము రుచి ఉండచ్చు, కళ్ళు తిరగచ్చు అని ముందే చెప్పిందీ ఆయనే. రెండూ వచ్చాయి, రెండూ వాటంతటవే పోయాయి, ముందే తెలుసు కాబట్టి కంగారు పడలేదు.

ఇంక మా ఆడియాలజిస్ట్ మేడమ్, అంటే వినికిడి పరీక్షలు చేసి ప్రాసెసర్‌ని నాకు సరిపడా సెట్ చేసే ఆవిడ. ఈమె గురించి ఎంత రాసినా తక్కువే. స్విచ్ ఆన్ అయ్యాక నన్ను వెంటనే పంపించేయకుండా కాగితం మీద నత్తగుల్లలాంటి బొమ్మ గీసి చూపించారు. అదే కాక్లియా, లోపలి చెవిలో వినికిడి భాగం. మామూలు కాక్లియాలో శబ్దాన్ని పట్టుకునే హెయిర్ సెల్స్ ఒక్కో చెవికి సుమారు 15 వేలు ఉంటాయట. ఇంప్లాంట్‌లో వాటి బదులు పనిచేసే ఎలక్ట్రోడ్‌లు, అంటే తీగ మీద ఉండే, నరానికి కరెంటు ఇచ్చే చిన్న చిన్న బిందువులు, కంపెనీని బట్టి 12 నుంచి 22. అన్ని వేల సెల్స్ చేసే పని ఈ కాసిన్నిటితో నడవాలంటే మిగతా కష్టమంతా మెదడే పడాలమ్మా, దానికి టైమ్ ఇవ్వండి అన్నారు. బొంగురు గొంతులు, బరువు శబ్దాలు పట్టుకునే చోటు నత్తగుల్ల లోపలి కొసలో ఉంటుందట, ఎలక్ట్రోడ్ తీగ చాలామందిలో అంత లోపలిదాకా పోదు, అందుకే మొదట్లో మగవాళ్ళ గొంతు కూడా కీచుమని సన్నగా వస్తుంది అన్నారు. అది విన్నాక, అంటే రాసింది చదివాక, నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. కారణం తెలిస్తే ఓపిక దానంతట అదే వస్తుంది నాకు.

మ్యాపింగ్, అంటే ప్రాసెసర్‌ని మన చెవికి తగ్గట్టు సెట్ చేయడం, ఎలా ఉంటుందో తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ఒక్కో ఎలక్ట్రోడ్‌కీ విడిగా బీప్‌లు ఇస్తారు, వినీ వినపడనంత చిన్నగా ఎక్కడ మొదలైందో, ఎంత పెంచితే ఇబ్బంది లేకుండా గట్టిగా ఉందో మనం చెప్పాలి. ముందు ఒక చార్ట్ ఉంటుంది, చిన్నగా, బాగుంది, గట్టిగా, భరించలేను అని, దాని మీద వేలు పెట్టి చూపించాలి. ఒకసారి ఏమైందంటే ఒక ఎలక్ట్రోడ్ దగ్గర బీప్ పెంచుతుంటే నా కంటి కింద కండ టకటక అదిరింది. నేను చెప్పేలోపే మేడమ్ చూసేశారు, ఆవిడ కళ్ళు స్క్రీన్ మీద కాదు నా మొహం మీదే ఉన్నాయి. మొహం నరం ఆ పక్కనుంచే వెళ్తుంది, కొంతమందిలో కరెంటు దానికి తగులుతుంది, కంగారేం లేదు అని ఆ ఒక్క ఎలక్ట్రోడ్ ఆపేసి దాని వంతు శబ్దాలు పక్కవాటికి సర్దారు. బయటికొచ్చాక తేడా కూడా తెలియలేదు నాకు. ఎలా ఉంది అని ఊరికే అడిగి వదిలేయరు ఆవిడ, ఏ మాట ఏ మాటలా వినపడిందో రాసుకుని రమ్మంటారు, ఆ రాతల్ని బట్టే మ్యాప్ మారుస్తారు. ఏ ఊళ్ళో ఉన్నా ఇంప్లాంట్ పెట్టించుకునేవాళ్ళకి ఇలాంటి మనిషి దొరకాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నా.

ఇంట్లో సంగతి. మా అత్తయ్య గారికి నేను జీవితాంతం రుణపడి ఉంటా. రోజూ సాయంత్రం ఆవిడ పుస్తకం పట్టుకుని కూర్చునేవారు, ఒక వాక్యం చదవడం, నేను తిరిగి చెప్పడం. చెయ్యి అడ్డం పెట్టుకుంటే శబ్దం మూసుకుపోతుంది కాబట్టి, ఎంబ్రాయిడరీ రింగుకి పల్చటి గుడ్డ బిగించి అది నోటి ముందు పట్టుకోమని మేడమ్ నేర్పారు. పెదాలు కనపడవు, మాట మాత్రం వస్తుంది. ఇన్నేళ్ళుగా పెదాలు చూసి బతికినదాన్ని, పెదాల మీద ప, బ, మ మూడూ ఒకటే కదా, ముందూ వెనకా మాటల్ని బట్టి ఊహించుకునేదాన్ని. ఆ రింగు వెనక నుంచి ఊహకి ఏ ఆధారమూ ఉండదు. పాట, బాట, మాట. ఈ మూడింటితో ఎన్ని సాయంత్రాలు గడిచాయో. నేను తప్పు చెప్తే మళ్ళీ అనేవారు, ఇంకా తప్పు చెప్తే రింగు తీసి మొహం చూపించి అని, మళ్ళీ రింగు పెట్టి అనేవారు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా "ఏం లేదులే" అనలేదు. వినపడనివాళ్ళకి తెలుసు ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో, అందరూ నవ్వుతుంటే ఏంటి ఏంటి అని అడిగితే వచ్చే జవాబు అదే కదా ఎప్పుడూ. ఈ ఏడాదిలో మా ఇంట్లో అది లేకుండా పోయింది, అది ఆవిడ వల్లే.

మావాడైతే నాకు శబ్దాల డిక్షనరీ అయిపోయాడు. మొదటి నెలల్లో ప్రతిదీ ఒకేలా మోగేది, ఏది ఎక్కడ్నుంచి వస్తుందో తెలిసేది కాదు. నేను కళ్ళతో అడగ్గానే చెప్పేసేవాడు, అమ్మా అది ఫ్యాన్, అది పక్కింటి గేటు, అది నీ చెప్పులే, నువ్వే ఈడ్చి నడుస్తున్నావ్. కాగితం మడిస్తే చప్పుడు వస్తుందన్న సంగతే మర్చిపోయాను నేను, వాడే నా చేతిలో కాగితం పెట్టి మడవమన్నాడు, మళ్ళీ మడవమన్నాడు, అలా ఆ చప్పుడు నాదైంది. వాడు చెప్పిన పేరు తెలిశాక ఆ శబ్దం ఇంకెప్పుడూ గరగరలా రాలేదు, అది ఎలా జరుగుతుందో గానీ నిజం.

పొద్దున లేవగానే ఆ, ఈ, ఊ, మ్, శ్, స్ అనే ఆరు శబ్దాల టెస్ట్ కూడా వాడి డ్యూటీయే, కొంచెం దూరంగా నా వెనక నిలబడి అంటాడు, అన్నీ వచ్చాయంటే ప్రాసెసర్ బాగున్నట్టు. ఒకరోజు స్ రాలేదు, చూస్తే మైక్ కవర్‌లో తేమ చేరింది, రాత్రి తేమ లాగేసే డ్రై బాక్స్‌లో పెట్టి తీశాక సరైపోయింది. ఇంట్లో చిన్నపిల్లలకి ఇంప్లాంట్ ఉన్నవాళ్ళు ఈ టెస్ట్ రోజూ చేయండి దయచేసి, వాళ్ళు చెప్పలేరు కదా.

ఆఫీసులో మా టీమ్‌కి కూడా చాలా థ్యాంక్స్. ఒక్క చెవితోనే వింటున్నా కాబట్టి పిలుపు ఏ వైపు నుంచి వచ్చిందో నాకు తెలియదు. దాంతో మీటింగ్‌లో ఎవరు మాట్లాడినా ముందు చెయ్యి ఎత్తి, పేరు చెప్పి అప్పుడు మొదలుపెట్టడం వాళ్ళంతట వాళ్ళే అలవాటు చేసుకున్నారు. మధ్యాహ్నానికి నా తల బరువెక్కిపోతుంది, వినడం కోసం అంత శ్రద్ధ పెడితే అలసట అలా ఉంటుంది మరి, కాసేపు కాయిల్ తీసి కూర్చుంటే ఎవరూ వచ్చి ఏమైంది అనరు. ఎంత పెద్ద సాయమో అది.

నేను కలవని ఒకాయనకి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. గ్రేమ్ క్లార్క్ గారు, ఆస్ట్రేలియా డాక్టర్. వాళ్ళ నాన్నగారికి వినికిడి సమస్య ఉండేది, అది చూస్తూ పెరిగిన మనిషి. కాక్లియా మెలికల్లోకి తీగ ఎలా పంపాలో తెలియక తంటాలు పడుతున్నప్పుడు, 1977లో బీచ్‌లో ఒక గవ్వలోకి గడ్డిపోచ దూర్చి చూశారట, కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉంటే అది మెలికలు తిరుగుతూ లోపలికి పోతుందని అక్కడ తట్టింది. మరుసటి ఏడు 1978లో మెల్‌బోర్న్‌లో ఆయన టీమ్ పెట్టిన మల్టీఛానల్ ఇంప్లాంట్ (ఒకటి కాదు, చాలా ఎలక్ట్రోడ్‌లతో పనిచేసేది) దారిలోనే ఇవాళ నాలాంటి వాళ్ళు ఇంతమందిమి వింటున్నాం. మేడమ్ గీసిన బొమ్మ చూసినప్పుడల్లా ఆ గడ్డిపోచే గుర్తొస్తుంది నాకు.

అన్నీ అయిపోయాయని అనను. జనం గుంపులో మాటలు ఇంకా కలిసిపోతాయి. పాటల్లో తాళం చక్కగా దొరుకుతుంది, రాగం మాత్రం ఇంకా పట్టుబడలేదు, చిన్నప్పుడు విన్న పాటలైతే పాత జ్ఞాపకం సాయం చేసి కొంచెం కొంచెం తెలుస్తున్నాయి, కొత్త పాటలు ఇంకా గోలే. రాత్రి ప్రాసెసర్ తీసేస్తే పూర్తి నిశ్శబ్దం, అందుకే మా ఆయన ఏదైనా చెప్పాలంటే లేచి లైటు వేసి నా వైపు తిరిగి చెప్తారు, ఎంత నిద్రలో ఉన్నా సరే, చీకట్లో ఎప్పుడూ మాట్లాడరు నాతో. ఆయనకి అదేం పెద్ద విషయం కాదట. నాకు పెద్దదే.

ఆపరేషన్ డేట్ వచ్చి భయపడుతున్నవాళ్ళు, స్విచ్ ఆన్ అయ్యి ఏం అర్థం కాక దిగులుగా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. అక్క నాకు చెప్పినట్టే ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ప్రాక్టీస్‌కి మనిషి లేనివాళ్ళకి సాయంత్రాలు నేను ఖాళీ, కాల్ చేస్తే చదివి వినిపిస్తా, మీరు తిరిగి చెప్పండి. వీడియో వద్దు, ఆడియో కాల్ మాత్రమే, పెదాలు చూడకుండా. ముందు పాట, బాట, మాటతోనే మొదలుపెడదాం.