ముందు మోరీ, తర్వాతే ఇల్లు

దోస్తూ,

ఎట్లున్నవ్‌రా? మంచిర్యాలలో చెల్లెమ్మ, పిల్లలు అంతా బాగున్నారనుకుంటా. మొన్న ఫోన్‌లో రెండు మాటలు అడిగావు. "రిటైరై హాయిగా ఉండక వరంగల్‌లో కార్పొరేటర్‌గా పోటీ ఎందుకురా" అన్నది ఒకటి, మామునూరు వైపు మనోడికి ప్లాట్ కొనమంటావా వద్దా అన్నది ఇంకొకటి. రెండింటికీ నా జవాబు ఒక్కచోటే ఉంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. చాయ్ పెట్టించుకుని చదువు.

ముందు మామునూరు సంగతి. 2025 ఫిబ్రవరిలో విమానాశ్రయానికి అనుమతి వచ్చిందన్న వార్త విన్నప్పటి నుంచి అటువైపు ఏ చేను చూసినా వెంచర్ జెండాలే. నిజాం కాలంలో విమానాలు దిగిన నేల అది, మళ్లీ దిగితే నాకంటే సంతోషించేవాడు ఉండడు. గీసుగొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కు, కాజీపేటలో రైల్వే ఫ్యాక్టరీ కూడా నిలదొక్కుకుంటే జనం వస్తారు. రావాలి కూడా. మన పిల్లలంతా హైదరాబాద్ బస్సెక్కాల్సిన పని లేని రోజు కోసమే కదరా ఇన్నాళ్లూ ఎదురుచూశాం. అందుకే, ఊరు పెరగొద్దనే వాళ్ల వైపు నేను లేను. ఆ మాట ప్రచారంలో కూడా గట్టిగానే చెబుతున్నా. కానీ వాన నీళ్లు ఎటు పోతాయో తేల్చకుండా ఇంకో వెంచర్‌కు, ఇంకో అపార్ట్‌మెంట్‌కు అనుమతి ఇవ్వకూడదు. నేను నిలబడ్డది ఈ ఒక్క మాట మీద.

నువ్వు సింగరేణిలో సర్వేయర్‌గా చేసినవాడివి, లెవెల్స్ గురించి, అంటే నేల ఎత్తుపల్లాల కొలతల గురించి నీకు చెప్పేదేముంది. నేను నీటిపారుదల శాఖలో ఉన్నన్నాళ్లూ చూసింది చెరువులనే. కాకతీయులు వేసింది గొలుసుకట్టు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరాలి, అది నిండితే దాని కిందిదానికి. ఊరు పెరిగేకొద్దీ చెరువును చెరువుతో కలిపే ఆ వాగులను నాలాలన్నాం, ఆ నాలాలను ఇరుకు చేశాం, కొన్నిచోట్ల పైన స్లాబు వేసి షాపులు కట్టుకున్నాం. చాలామందికి తట్టని విషయం ఇంకోటి ఉంది. ఆయకట్టు ఉన్నప్పుడు రైతు తూము తెరిచి నీళ్లు వాడుకునేవాడు, చెరువులో ఎప్పటికప్పుడు చోటు దొరికేది. ఆయకట్టంతా ప్లాట్లయ్యాక తూము ఎత్తే అవసరం ఎవరికుంది? చెరువు నిండుగానే కూర్చుంటుంది, పెద్ద వాన వస్తే దానిలో ఆగడానికి చోటుండదు. నీళ్లన్నీ ఒక్కసారిగా కింది కాలనీల మీదికి వస్తాయి. శిఖం భూమిలో, అంటే చెరువు లోపలి నేలలో ఇల్లు కట్టినవాడే కాదు, ఎక్కడో దూరంగా అన్ని కాగితాలూ సరిగ్గా ఉన్నవాడు కూడా మునుగుతున్నది ఇందుకే.

2020 ఆగస్టులో మునిగాం. 2023 జూలైలో మళ్లీ మునిగాం, అప్పుడు పోతననగర్ వైపు భద్రకాళి చెరువు కట్ట తెగిందని విని నువ్వే ఫోన్ చేశావు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానకు హంటర్ రోడ్డు కింద ఎన్టీఆర్ నగర్‌లో జనం మళ్లీ మిద్దెలెక్కి కూర్చున్నారు. ఆ కాలనీలో ఒకామె బియ్యం డ్రమ్ము చూపించింది నాకు. బియ్యం నాని వాసన కొడుతున్నాయి. "సార్, ప్రతిసారీ పులిహోర పొట్లాలు తెచ్చిస్తారు, మోరీ మాత్రం పెద్దగ చెయ్యరు" అంది. ఆమె మాటలో తప్పేముందిరా?

పని అసలు జరగలేదని నేను అనను. 2023 తర్వాత నయీంనగర్ నాలా వెడల్పు చేశారు, గోడలు కట్టారు, బ్రిడ్జి కొత్తది వేశారు. మంచి పని, మెచ్చుకోవాలి. అయితే నాలాను ఒక్కచోట వెడల్పు చేస్తే నీళ్లు వేగంగా పోయి తర్వాతి ఇరుకు కల్వర్టు దగ్గర ఎగదన్నుతాయి. పై చెరువు మత్తడి నుంచి ఊరి బయట వాగు దాకా మొత్తం ఒకే పనిగా చూడాలి. డివిజన్‌కో ముక్కగా టెండర్లు పిలిస్తే డబ్బు ఖర్చవుతుంది, నీళ్లు మాత్రం తగ్గవు.

నియమాలకు కొదవేం లేదు. 10 హెక్టార్లు దాటిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే గీత) నుంచి 30 మీటర్లు బఫర్‌గా ఖాళీ వదలాలి, చిన్న కుంటకు 9 మీటర్లు. ఆ గీత నేల మీద ఎక్కడుందో కొనేవాడికి మాత్రం తెలియదు. 600 గజాల లోపు ఇంటికి సొంత ధృవీకరణతోనే అనుమతి దొరుకుతున్నది. మధ్యతరగతివాడు ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, అది తీసేయమని నేను అడగను. నేను అడిగేదల్లా, ప్రతి చెరువుకూ ఎఫ్‌టీఎల్ రాళ్లు పాతాలి, బఫర్‌లో ఉన్న సర్వే నంబర్లను డివిజన్ ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయాలి. బయానా ఇచ్చే ముందు ఎవరైనా వచ్చి చదువుకుంటారు. దీనికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

నాలా మీద రేకుల షెడ్లలో ఉన్నవాళ్ల గురించి కూడా చెప్పాలి. వాళ్లకు ఆ జాగా అమ్మినవాడు ఎప్పుడో మేడ కట్టుకుని సుబేదారిలో ఉంటున్నాడు. పక్కా ఇల్లు చేతికి ఇచ్చాకే వాళ్లను కదిలించాలి, అదీ పిల్లల బడికి, కూలి పనికి దగ్గరలో. ముందు జేసీబీ పంపి తర్వాత చూద్దామంటే నేను అడ్డం నిలబడతా. ఓట్లు పోతాయని నా వెంట తిరిగేవాళ్లే అంటున్నారు. పోనీ.

విలీన గ్రామాల గోస వేరు. చుట్టూ ఉన్న 42 ఊళ్లను కార్పొరేషన్‌లో కలిపారు. ఇప్పుడు మన కార్పొరేషన్ దాదాపు 407 చదరపు కిలోమీటర్లు. అక్కడివాళ్లు ఇంటి పన్ను పట్నం లెక్కన కడుతున్నారు, మోరీ మాత్రం పంచాయతీ నాటిదే. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ) కింద కట్టించుకున్న డబ్బు ఆ కాలనీ రోడ్డుకు, మోరీకే ఖర్చు పెట్టాలని నా డిమాండ్. భూగర్భ డ్రైనేజీకి నాలుగు వేల కోట్లకు పైగా మంజూరు చేశామన్నారు. పైపులు ముందు ఈ శివారు ఊళ్లలో, ఇళ్లు కిక్కిరిసిపోకముందే వేస్తే రోడ్లు రెండుసార్లు తవ్వే పని ఉండదు.

అపార్ట్‌మెంట్ల మీద నాకు కోపం లేదు. కాజీపేట నుంచి హనుమకొండ మీదుగా వరంగల్ స్టేషన్ దాకా పోయే పెద్ద రోడ్డు పొడుగునా అంతస్తులు లేస్తే లేవనీ, బస్సు అందుబాటులో ఉంటుంది. మిర్చి, పత్తి పండే నేలను గజాల లెక్కన కోసుకుంటూ పోవడం కంటే అది మేలు. ఇరవై అడుగుల గల్లీలో అయిదంతస్తులు లేపి, సెల్లార్ పార్కింగ్‌ను షాపులకు కిరాయికిచ్చే పద్ధతి మీదే నా పోట్లాట.

ఇవన్నీ ఒక కార్పొరేటర్ చేతిలో ఉంటాయా అంటావు. అన్నీ ఉండవు. మాస్టర్ ప్లాన్ 'కుడా' (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) చేతిలో, ప్రభుత్వం చేతిలో ఉంటుంది. యాభై ఏళ్ల తర్వాత 2024 నవంబర్‌లో కదా 2041 ప్లాన్‌కు ఆమోదం దొరికింది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ల్యాండ్ పూలింగ్ (రైతుల భూములను కలిపి తీసుకోవడం) అంటే 2022లో రైతులు రోడ్డెక్కి వెనక్కి తీసుకునేలా చేశారు, గుర్తుందా? అడిగితే వినక తప్పదని అప్పుడే తేలింది. కౌన్సిల్‌లో 66 మందిలో ఒకడిగా బడ్జెట్ మీద మాట్లాడే హక్కు ఉంటుంది. 2019 మున్సిపల్ చట్టంలో ప్రతి డివిజన్‌కూ యువకులకు, మహిళలకు, పెద్దవాళ్లకు, ఊరి ప్రముఖులకు విడివిడిగా కమిటీలున్నాయి. వాటిని కాగితం మీద ఉంచకుండా బడి ఆవరణలో అందరి ముందు కూర్చోబెడతా. కొత్త వెంచర్ ఏదొచ్చినా దాని నీళ్లు ఎటు పోతాయో అక్కడే అడగాలి.

ఇక మనోడి ప్లాట్. వానాకాలం వచ్చేదాకా ఆగమను. గట్టి వాన పడ్డ మర్నాడు వచ్చి ఆ జాగాలో నిలబడమను, పక్క రైతును కుంట ఎక్కడుండేదో అడగమను, పాత గ్రామ పటం తీయించమను. డీలర్ తొందర పెడితే వదిలేయమను.

నీతో నాకూ ఒక పని ఉంది. మా డివిజన్ నాలా పొడుగునా లెవెల్స్ తీయించి చేత్తో పటం గీశాను. కింది కల్వర్టు దగ్గర వాలు ఎదురుదిశలో ఉన్నట్టు కనిపిస్తున్నది, నాకు అనుమానంగా ఉంది. ఉత్తరంతో జిరాక్స్ పెడుతున్నా. నామినేషన్ల లోపు చూసి, తప్పుంటే ఎర్ర పెన్నుతో దిద్ది పంపు. జనం ముందు ఆ పటం పట్టుకుని నిలబడాలి, ఒక్క అంకె కూడా తప్పు ఉండొద్దు.

చెల్లెమ్మకు నమస్తే చెప్పు.

నీ దోస్తు