యూనిఫాం లోపలి వైపు ఒక్కసారి తిరగేసి చూడండి

సంపాదకునికి,

చొక్కా తొడగ్గానే మెడ పట్టుకుని లాగడం, సాక్సు వేస్తుంటే కాలి వేళ్లు ముడుచుకుని ఏడవడం, రోజూ ఆ పాత బనియనే కావాలని పేచీ పెట్టడం... ప్లేస్కూళ్లు తెరిచే జూన్‌లో రెండు మూడేళ్ల పిల్లలున్న ఇళ్లలో వినిపించే గొడవే ఇది. పెద్దలు దీన్ని మొండితనం కింద జమకట్టి, ఇద్దరు పట్టుకుని బలవంతంగా తొడిగేస్తారు. చాలామంది విషయంలో పిల్లాడి మాట నిజం, ఆ బట్ట గుచ్చుకుంటూనే ఉంటుంది.

బట్ట కట్టుకున్న కాసేపటికి అది ఒంటి మీద ఉన్న సంగతే మనం మరిచిపోతాం. చర్మం నుంచి అదే కబురు మళ్లీ మళ్లీ వస్తుంటే మెదడు దాన్ని పక్కన పెడుతుంది. స్పర్శ విషయంలో అతి సున్నితంగా ఉండే పిల్లల్లో ఆ పని సరిగా జరగదు. అమెరికా ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనుల్లో ఇబ్బంది పడేవాళ్లకు శిక్షణతో చికిత్స చేసేవారు) జీన్ ఎయిర్స్ 1960లలోనే దీన్ని వివరించారు. పైపైన రాసుకునే స్పర్శ వీళ్లకు చిరాకు తెప్పిస్తుంది, గట్టిగా అదిమే స్పర్శ నెమ్మదింపజేస్తుంది. గౌను కుచ్చిళ్లు తగిలితే కెవ్వుమనే పాప గట్టిగా హత్తుకుంటే ఊరుకోవడం అందుకే. నిద్ర చాలని రోజున, ఆకలి మీద ఉన్నప్పుడు ఈ బాధ ఇంకా పెరుగుతుంది.

ముందు చూడాల్సింది బట్టను. లోపలి వైపు తిరగేసి, కుట్ల వెంట మీ పెదవితో గానీ మణికట్టు లోపలి వైపుతో గానీ రాసి చూడండి. వేలికి తెలియని గరుకు అక్కడ తెలుస్తుంది. రెడీమేడ్ బట్టల్లో చాలాచోట్ల లేబుల్ని పారదర్శకమైన నైలాన్ దారంతో కుడతారు. తెగిన దాని కొస ముల్లులా నిలబడుతుంది. లేబుల్ని కత్తెరతో కోసేస్తే సరిపోదు, మిగిలిన పావు అంగుళం ముక్క అసలు లేబుల్ కన్నా బిరుసుగా గుచ్చుతుంది. కుట్లు విప్పి మొత్తం తీసేయాలి. మెడ కుట్టులోనే కలిపి కుట్టి ఉంటే అక్కడ కుట్టు ఊడిపోతుంది కాబట్టి, మామూలు నూలు దారంతో మళ్లీ వేయించాలి. ఓవర్‌లాక్ అంచులు (పోగులు ఊడకుండా బట్ట అంచు చుట్టూ మెషిన్‌తో వేసే కుట్టు) గరుకుగా ఉంటే రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున బనియన్ గుడ్డ పట్టీ కత్తిరించి, కుట్టు మీద కప్పి కుట్టమని టైలర్‌కు చెప్పండి. పది నిమిషాల పని. నడుముకు సన్నటి ఎలాస్టిక్ కన్నా వెడల్పాటిది మేలు, దాన్ని గుడ్డ లోపల దూర్చి ఉండాలి తప్ప నేరుగా ఒంటికి తగలకూడదు. సాక్సును తిరగేసి తొడిగితే వేళ్ల దగ్గర కుట్టు బయటికి పోతుంది.

పండగ బట్టల సంగతి వేరు. పట్టు పరికిణీ అంచు వెనక జరీ పోగులు, బుట్టాల వెనక తేలే పోగులు పాప పిక్కలకు ఆకురాయిలా రాసుకుంటాయి. మల్ గుడ్డ లైనింగ్ నడుము నుంచి అంచు చివరి దాకా ఉండాలి. మన టైలర్లు జానెడు పైనే ఆపేస్తారు, అసలు గీసుకునేది ఆ కింది జానెడే. బీరువాలోంచి తీసిన బట్టకు కలరా ఉండల వాసన ఉంటే అలాగే తొడగకండి. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన పసిపిల్లల్లో, ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలు చితికిపోయేలా చేస్తుంది. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి ముందుగా తెలియదు కూడా.

ఉతకడంలోనూ తేడా వస్తుంది. కొత్త బట్టకు మిల్లు పెట్టిన గంజి ఉంటుంది. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, రెండుసార్లు ఉతికాకే తొడగాలి. బోరు నీళ్లలో బిళ్ల సబ్బు వాడితే సున్నం లాంటి తెట్టు పోగుల్లో పేరుకుని బట్ట అట్ట కడుతుంది. అలాంటి నీళ్లకు డిటర్జెంటే నయం, అదీ తక్కువ వేసి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి. ఆరిన బట్టను గట్టిగా దులిపి, చేతుల మధ్య నలిపి మడత పెట్టండి. వాసన కోసం వేసే కండిషనర్ ఈ పిల్లలకు వద్దు.

గోక్కుంటున్న ప్రతి పిల్లాడిదీ స్పర్శ సమస్య కాదు. మోచేతి, మోకాలి మడతల్లో ఎర్రగా పొడిబారితే ఎగ్జిమా కావచ్చు. వేళ్ల సందుల్లో పొక్కులు, రాత్రిళ్లు ఎక్కువయ్యే దురద, ఇంట్లో మిగతావాళ్లకూ అదే ఉంటే గజ్జి. బొడ్డు దగ్గర, లోహపు బటన్ తగిలే చోట మాత్రమే దద్దు వస్తే నికెల్ పడకపోవడం. నిద్రలో చెడ్డీ లాక్కుంటుంటే నులిపురుగులు ఉన్నాయేమో చూడాలి. తడి ఆరని మొలతాడు కింద చర్మం ఒరుసుకుపోయిందేమో కూడా చూడండి. ఇవేవీ లేవని పిల్లల డాక్టరు చెప్పాకే స్పర్శ సమస్య అనుకోవాలి.

పొద్దున తొడిగే ముందు ఒళ్లు తుడిచేటప్పుడు రుద్దకండి, తువ్వాలుతో అద్దండి. తర్వాత అరచేయి మొత్తం ఆనించి భుజం నుంచి మణికట్టు దాకా, తొడ నుంచి మడమ దాకా ఐదారు సార్లు నిదానంగా నొక్కాలి. కితకితలు పెట్టినట్టు తాకితే పని చెడుతుంది. పిల్లలు వద్దంటే అక్కడితో ఆపేయాలి. కొత్త యూనిఫాంను బడి తెరిచే రోజునే మొదటిసారి తొడగడం కన్నా, రెండు వారాల ముందు నుంచి మెత్తటి బనియన్ మీద ఆటల వేళ ఐదు నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. ఏడుపు మొదలయ్యాక కాదు, మొదలవకముందే విప్పేయాలి. వీడియోల్లో చూసి బ్రష్షులతో ఒళ్లు రుద్దడం, బరువు దుప్పట్లు కప్పడం ఈ వయసు పిల్లలకు ఇంట్లో చేయాల్సినవి కావు.

ఇక బడుల సంగతి. ప్లేస్కూలు యూనిఫాంకు వాడే టెరికాటన్‌లో పాలిస్టర్ మూడింట రెండు వంతుల దాకా ఉంటుంది. నూలు తన బరువులో నూటికి ఏడెనిమిది పాళ్ల తేమ పట్టుకుంటే పాలిస్టర్ అర పాలు కూడా పట్టదు. చెమట అలాగే నిలిచి బట్ట ఒంటికి అతుక్కుంటుంది. మన ఎండల్లో మూడేళ్ల పిల్లాడికి టై, బెల్టు, మోకాలి దాకా సాక్సు ఎవరి ముచ్చట కోసమో యాజమాన్యాలే చెప్పాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకు అదే రంగు బనియన్ గుడ్డ టీషర్టు, నూలు నిక్కరు, సాక్సు లేని చెప్పులు అనుమతిస్తే బడికి పోయేదేమీ లేదు. దీనికి డాక్టరు చీటీ తెమ్మనడం కూడా అనవసరం.

బట్టలు గిట్టనంత మాత్రాన ఆటిజం అని హడలిపోవద్దు. ఆటిజం నిర్ధారణకు వాడే డీఎస్ఎం-5 అనే అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో 2013 నుంచి ఇంద్రియ స్పందనల తేడా ఒక లక్షణంగా ఉంది కానీ, అదొక్కటే చాలదు. ‘సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్’ (ఇంద్రియాల కబుర్లను మెదడు సరిగా సర్దుకోలేకపోవడం) అని విడిగా జబ్బు పేరు పెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లోనే సూచించింది. అయితే ఏడాది నిండినా పేరు పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకూ వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం, నాలుగైదు రకాల తిండి తప్ప ముట్టకపోవడం లాంటివి బట్టల గొడవకు తోడైతే ఆలస్యం చేయకూడదు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి, వాళ్లకు చెబితే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి రాసిస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న, బుద్ధి వికాస లోపాలున్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలోనూ పసిపిల్లలకు ఈ సేవలు ఉన్నాయి. వెళ్లే ముందు ఓ వారం పాటు ఏ బట్టకు, ఏ చోట, ఏ వేళ, ఎంతసేపు ఏడ్చారో రాసిపెట్టుకోండి. అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించిన బట్టనూ, హాయిగా వేసుకునే బట్టనూ రెండూ సంచిలో పెట్టుకెళ్లండి.

– చిన్నపిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టులు, హైదరాబాద్