పుస్తకాలకు చెమ్మ గండం

సంపాదకులు గారికి, నమస్కారం.

ఫోన్లు వచ్చాక పుస్తకాలు మూలన పడ్డాయన్న బాధ ఉత్తరాల పేజీలో తరచూ కనిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు. కానీ విశాఖ ఇళ్లలో పుస్తకాలు పాత సామాన్ల బండెక్కే ముందు ఏం జరుగుతుందో గమనిస్తే దోషి వేరే ఉన్నాడు. బీరువా తలుపు తీయగానే ముక్కిన వాసన గుప్పుమంటుంది. ఆస్తమా ఉన్న తాతగారికి దగ్గు తెర, చంటిదానికి తుమ్ములు. "ముందు ఈ కంపు వదిలించండి" అంటుంది ఇల్లాలు. ఆమెను తప్పుపట్టడానికి లేదు, బూజు ఊపిరితిత్తులకు మంచిది కాదు. చదివేవాళ్లకీ చదవనివాళ్లకీ మధ్య తగువులా కనిపించేది చాలా ఇళ్లలో చెమ్మ తెచ్చిపెట్టిన తగువే. తీర్చడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు గనక కొంచెం వివరంగా రాస్తున్నాం.

మన ఊళ్లో గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతానికి అటూ ఇటూగా ఉంటుంది, వానల్లో ఇంకా పైకి పోతుంది. 65 దాటి కొన్నాళ్లు నిలబడితే కాగితం మీద బూజు మొలవడానికి అది చాలు. ఊరి గాలిని మార్చలేం గానీ, పుస్తకం చుట్టూ ఉన్న గాలిని కదిలించగలం. గాలి ఆడే చోట బూజు అంత తేలిగ్గా పట్టదు.

ముందు చూడవలసింది గోడ. తూర్పు వైపు బయటి గోడ తుపాను వానకు నేరుగా తడుస్తుంది. స్నానాల గది గోడ లోపలి నుంచి తడుస్తుంది. పై అంతస్తులో నీళ్ల ట్యాంకు కింద ఉన్న అటక అన్నిటికన్నా అన్యాయం, అయినా పుస్తకాలు చేరేది అక్కడికే. రెండు గదుల మధ్య ఉండే అడ్డగోడ మేలు. అనుమానంగా ఉంటే అడుగు చదరం పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి, రెండు రోజులు ఆగి చూడండి. గోడ వైపున నీటి చుక్కలు పడితే ఆ గోడ తాగి ఉన్నట్టు. గది వైపున పడితే తేమ గదిలోనే ఉందన్నమాట. మొదటి దానికి మేస్త్రీ కావాలి, రెండోదానికి కిటికీ చాలు.

అరలను గోడకు ఆనించకుండా రెండంగుళాలు ఎడం ఉంచాలి. కింది అర నేలకు ఆరంగుళాలైనా ఎత్తున ఉంటే ఇల్లు తుడిచే తడిగుడ్డ, వాననీళ్లు తగలవు. తెలుగు పుస్తకాలు ఎక్కువగా డెమీ అనే అచ్చు కాగితం కొలతలో ఎనిమిదో వంతు, అంటే ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు, అయిదున్నర వెడల్పు. వాటికి తొమ్మిదంగుళాల లోతు, పదకొండు అంగుళాల ఎత్తు అర సరిపోతుంది. ఇంకా లోతు పెట్టిస్తే రెండు వరసలు పేర్చబుద్ధవుతుంది, వెనక వరస అక్కడే ముక్కుతుంది. అడుగు పొడవున పేర్చిన పుస్తకాలు తొమ్మిది, పది కిలోలు తూగుతాయి. మూడడుగుల అర మీద ముప్ఫై కిలోల దాకా పడుతుంది. పొట్టు నొక్కి చేసిన పార్టికల్ బోర్డు ఈ గాలికి ఉబ్బి, ఆ బరువుకు వంగిపోతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయించి, రెండున్నర అడుగులకో నిలువు చెక్క పెట్టించండి. ఇనుప రాక్ కొంటే రంగు లేచిన చోటు వెంటనే పూయాలి. ఉప్పుగాలికి పట్టిన తుప్పు అట్టకు అంటిందంటే ఇక పోదు.

పుస్తకాలను కిక్కిరిసి పేర్చకూడదు. వీపు పైభాగం పట్టుకుని లాగితే చిరుగుతుంది. రెండు పక్కల పుస్తకాలను కాస్త లోపలికి నెట్టి, మధ్యదాన్ని నడుము దగ్గర పట్టి తీయాలి. అలా తీయడానికి వేలు పట్టకపోతే అర నిండిపోయిందని అర్థం. అద్దాల తలుపులు దుమ్మును ఆపుతాయి, రేవు వైపు పేటల్లో నల్లదుమ్ముకు అవి ఉండాల్సిందే. అయితే పొడిగా ఉన్న రోజుల్లో గంటసేపు బార్లా తెరిచి ఫ్యాను వేయాలి, వెనక చెక్కకు పైనా కిందా నాలుగేసి చిల్లులు పెట్టించాలి. రాత్రంతా ఏసీ నడిచే పడకగదిలో పుస్తకాలుంటే ఇంకో చిక్కు. ఉదయం ఏసీ ఆపి వెంటనే కిటికీ తీస్తే, చల్లబడ్డ అట్టలకు బయటి చెమ్మగాలి తగిలి చెమట పడుతుంది. ఏసీ ఆపాక ముప్పావు గంట ఆగి తీయండి.

కలరా ఉండల గురించి గట్టిగానే చెప్పాలి. ప్రతి బీరువాలోనూ అవి దొర్లుతుంటాయి. ఆ ఘాటు పురుగును తరుముతుందేమో గానీ, అసలు జబ్బయిన చెమ్మను ఏమీ చేయదు. పైగా అది నాఫ్తలీన్. జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన పసివాళ్లలో ఎర్ర రక్తకణాలను పగలగొట్టి కామెర్లు తెస్తుంది. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి ముందు తెలియదు. నడక నేర్చిన పిల్లలకు ఆ తెల్ల ఉండ పిప్పరమెంటులా కనిపిస్తుంది. చంటిపిల్లలున్న ఇంట్లో వీటిని వాడకపోవడమే మంచిది. వాటి బదులు నీడలో గలగలలాడేలా ఎండిన వేపాకును పలచటి గుడ్డలో మూటగట్టి అర మూలల్లో పెట్టి, వాసన తగ్గగానే మార్చండి. పచ్చి వేపాకు పెడితే మనమే తేమ తెచ్చి పెట్టినట్టు. సిలికా జెల్ పొట్లాలు మూత బిగిసిన డబ్బాలో పనిచేస్తాయి, తెరిచిన అరలో దండగ. గిన్నెలో ఉప్పు పెట్టమనే చిట్కా మన ఊరికి పనికిరాదు. నాలుగు రోజుల్లో ఆ ఉప్పు నీరై అర మీదికి పొర్లుతుంది.

మెరుస్తూ పరుగెత్తే వెండిరంగు పురుగు, సిల్వర్ ఫిష్, బైండింగులో వాడిన మైదా జిగురు కోసం వస్తుంది. పాతకాలపు బైండర్లు ఆ జిగురు ఉడికించేటప్పుడు కాస్త మైలుతుత్తం కలిపేవారు, ఇప్పుడూ అడిగి కలిపించుకోవచ్చు. పురుగు పట్టిన పుస్తకానికి మందు చల్లనక్కర్లేదు. పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి పిండేసి, మూతి టేపుతో బిగించి, మైనస్ 18 డిగ్రీలకు దిగే ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే పురుగూ గుడ్డూ చస్తాయి. పాత ఒంటితలుపు ఫ్రిజ్‌లు అంత చల్లబడవు. బయటికి తీశాక సంచి వెంటనే విప్పితే తేమ పడుతుంది, ఒక రోజు ఆగండి. ఇంట్లో దీనికి ఒప్పించడం కష్టమని తెలుసు. వంజరం ముక్కల పక్కన నవల పెడతానంటే ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? సంచి మీద మరో సంచి తొడగండి, ఒక అర మాట్లాడుకోండి.

దసరాల్లో సరస్వతీ పూజకు పెట్టిన పుస్తకాలను పూజ కాగానే తీసి తుడవాలి. తడి పూలు రాత్రంతా ఉన్న అట్ట మీద మర్నాటికి మచ్చ తేలుతుంది. తడి తగిలిన కుంకుమ రంగు ఎన్నటికీ పోదు. అట్టకు తెల్లకాగితం చుట్టి, బొట్టు దాని మీద పెడితే అమ్మవారికీ లోటుండదు.

పాత వారపత్రికలు, వాటిలోంచి సీరియల్ కాగితాలు తీసి కుట్టించుకున్న బైండ్లు ఎన్నో ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వాటికి సముద్రపు గాలి చేసే చేటు పిన్నుల దగ్గర మొదలవుతుంది. పిన్ను తుప్పు పట్టి, చుట్టూ కాగితం గోధుమరంగుకు తిరిగి, పెళుసై, ఒక రోజు మధ్యపేజీ ఊడి చేతికొస్తుంది. అంతదాకా రానివ్వకుండా, మొండి చాకు మొనతో లోపలి వైపు పిన్ను కాళ్లు లేపి, వెనక నుంచి మెల్లగా లాగేయండి. మధ్య మడతలో పైన, నడుమ, కింద మూడు చిల్లులు చాలు, పాత పిన్ను చిల్లుల చోటు వదిలేయండి, అక్కడ కాగితం చచ్చి ఉంటుంది. నూలుదారాన్ని కొవ్వొత్తికి రుద్ది, సూదిని లోపలి నుంచి నడుమ చిల్లులో బయటికి, బయటి నుంచి పై చిల్లులో లోపలికి, లోపల కిందిదాకా తీసుకెళ్లి కింది చిల్లులో బయటికి, మళ్లీ నడుమ చిల్లులో లోపలికి తేవాలి. దారం రెండు కొసలూ ఆ పొడుగు కుట్టుకు చెరో పక్కకు వచ్చేలా చూసి ముడివేస్తే సరి. పదేళ్ల పిల్లలు కూడా పావుగంటలో నేర్చుకుంటారు. సెల్లోటేపు మాత్రం అంటించకండి. కొన్నేళ్లకు టేపు ఊడిపోతుంది, జిగురు పసుపు చారై మిగులుతుంది.

ఇక తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కిటికీలు పగలగొట్టుకుని ఇళ్లలోకి వచ్చింది, రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి ఊరికి తడిసిన పుస్తకాలను ఆరబెట్టే పని తెలిసి ఉండాలి. తడిసిన పుస్తకంలో బూజు మొలవడానికి పట్టేది దాదాపు రెండు రోజులు, ఆ లోపే కదలాలి. ఎండలో ఆరేయడం అందరూ చేసే పని, అన్నిటికన్నా చెడ్డ పని. అట్టలు గిన్నెల్లా వంగుతాయి, అంటించిన బైండింగు పగులుతుంది. ఇస్త్రీ పెట్టినా అంతే.

బురద అంటితే పుస్తకాన్ని మూసి గట్టిగా పట్టుకుని మంచినీళ్ల కింద కడగండి, తెరిచి రుద్దకండి. నీరు కారేంత తడిగా ఉంటే బలవంతంగా విప్పొద్దు, గుడ్డ మీద పడుకోబెట్టి కారనివ్వండి. కారడం ఆగాక ఇరవై, ముప్ఫై పేజీలకొకటి చొప్పున తెల్లకాగితం దూర్చాలి. దూర్చిన కాగితాలన్నీ కలిసి పుస్తకం మందంలో మూడో వంతు దాటితే వీపు విచ్చుకుంటుంది. రెండు మూడు గంటలకోసారి ఆ కాగితాలు మార్చాలి. సగం ఆరాక పుస్తకాన్ని విసనకర్రలా కొద్దిగా విప్పి నిలబెట్టి, ఫ్యాను గాలి పక్క నుంచి తగిలేలా పెట్టండి. కరెంటు లేకపోతే ఎదురెదురు తలుపుల మధ్య నీడపట్టు చాలు. చేతికి చల్లగా తగులుతున్నంతసేపూ లోపల తడి ఉన్నట్టే. పూర్తిగా ఆరాకే రెండు చెక్కల మధ్య బరువు పెట్టి వారం ఉంచాలి.

పిల్లల బొమ్మల పుస్తకాలు, నున్నటి ఆర్ట్ పేపరు మీద అచ్చయినవి వేరే జాతి. ఆ కాగితం పైపూత తడిసి ఆరితే పేజీలన్నీ ఇటుకలా అతుక్కుంటాయి, తర్వాత ఎవరూ విడదీయలేరు. అవి తడిగా ఉండగానే పేజీ పేజీకీ కాగితం పెట్టాలి. అన్నీ ఒకేసారి చూసుకునే తీరిక లేకపోతే, కరెంటు ఉన్న చుట్టాల ఇంటికి తీసుకెళ్లి సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెడితే బూజు ఆగుతుంది, కొన్ని వారాల గడువు దొరుకుతుంది. ముందు వేటిని చూసుకోవాలో తుపానుకు ముందే ఇంటిల్లిపాదీ అనుకుని ఉంటే మంచిది. మళ్లీ దొరికే పాఠ్యపుస్తకాలు చివర, తాతగారి చేవ్రాలున్నవి ముందు.

ఇప్పటికే బూజు పట్టినవాటిని వేరుచేసి, నీడలో బాగా ఆరనిచ్చి, బూజు పొడిబారాక బాల్కనీలో మెత్తటి కుంచెతో వీపు నుంచి బయటికి దులపాలి. ఎన్95 మాస్కు తప్పనిసరి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని ముట్టుకోకూడదు. తడిగుడ్డతో తుడిస్తే బూజు కాగితంలోకి ఇంకుతుంది. వాసన మిగిలితే మూత ఉన్న డబ్బాలో, అడుగున గిన్నెతో వంటసోడా పెట్టి, పుస్తకానికి సోడా తగలకుండా వారం, పది రోజులు నిలబెట్టండి. సంక్రాంతి తర్వాత గాలి కాస్త తేలికపడ్డప్పుడు ఆదివారానికో అర చొప్పున దులుపుకుంటే శివరాత్రికి చాలా ఇళ్లలో పని తెములుతుంది. ఇవ్వాలనుకున్నవి ఉంటే, పేర్ల జాబితా రాసి ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనో జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనో ముందు చూపించండి. బూజు పట్టినవి మాత్రం ఇవ్వకండి, ఒక్కటి వెళ్తే అక్కడి అరంతా పాడవుతుంది.

మీకు రెండు విన్నపాలు. తుపాను హెచ్చరికల వేళ మంచినీళ్లు, కొవ్వొత్తులు, మందుల జాబితా ప్రచురించేటప్పుడు తడిసిన పుస్తకాలు, దస్తావేజుల గురించి కూడా నాలుగు వాక్యాలు వేయండి. రెండోది మీ ప్రెస్సులోనే ఉంది. న్యూస్‌ప్రింట్ రీలు చివర అచ్చుకు పనికిరాకుండా మిగిలే తెల్లకాగితం తడి పీల్చడానికి ఎంతో పనికొస్తుంది. అచ్చయిన పేపరు పెడితే సిరా తడి పేజీకి అంటుతుంది, దీనికి ఆ భయం లేదు. ఏళ్ల తరబడి పుస్తకంలో ఉంచితే అదే పసుపెక్కిస్తుంది గానీ, నాలుగు రోజుల పనికి దోషం లేదు. ఆ రీలు ముక్కలను కిలోల లెక్కన పాఠకులకు అమ్మే ఏర్పాటు అక్టోబరు రాకముందే చేయగలరా? ఇంటికి రెండు కిలోలు చాలు.

ఇట్లు,
పాత పుస్తకాలు బాగుచేసుకునే కొందరు పాఠకులు,
పెదవాల్తేరు, విశాఖపట్నం.