అవ్వ కార్డు సంగతి

కువైట్,
శుక్రవారం రాత్రి.

అమ్మకు వందనాలు.

పక్క గది అక్క రేపు ఊరికొస్తోంది. ఆమె చేతికి ఇచ్చి పంపుతున్నా. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. ఫోనులో అవ్వ మాట ఎత్తితే ముందు నువ్వు ఏడుస్తావు, తర్వాత నేను. అసలు సంగతి అట్నే ఉండిపోతుంది.

నేను బాగానే ఉన్నా. ఈ నెల నైట్ డ్యూటీలు ఎక్కువ పడ్డాయి, అంతే. వీడియోలో చిక్కిపోయినట్టు కనపడుతున్నానంటే అది ఈ గదిలో లైటు వల్ల. మూడు పూటలా తింటున్నా. ఒట్టు పెట్టగూడదని అవ్వ నేర్పింది కాబట్టి ఒట్టు పెట్టడంలా, నమ్ము.

సెలవు రెండుసార్లు అడిగానమ్మా. ఇవ్వలా. అవ్వ మట్టికీ రాలేదు, సంవత్సరం కూడికకీ రావడంలేదని పిన్ని అంటే అననీ. ఆమెకు జవాబు చెప్పబాకు.

మామ పంపిన జ్ఞాపకార్థ కూడిక కార్డు చూశా. ‘ఆదర్శ ఉపాధ్యాయిని, ప్రార్థనాపరురాలు, శాంతమూర్తి.’ శాంతమూర్తా? మన అవ్వా? ఏడో ఎక్కం తప్పితే స్కేలు అంచుతో కొట్టిన మనిషి! డ్యూటీలో ఉండి నవ్వు ఆపుకోలేకపోయా. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు చెప్పిందని, నలుగురు బిడ్డల్ని చదివించిందని రాశారు, సరే. రాత్రిబడి గురించి ఒక్క ముక్క లేదే?

నువ్వు చెప్పిందే నీకు చెప్తున్నా. 1991లో నెల్లూరు జిల్లా అంతా అక్షరాస్యత కార్యక్రమం నడిచినప్పుడు, అడగకముందే పేరు ఇచ్చి వచ్చిందన్నావు. ఎనిమిదింటికి వంటలు ముగించి ఆడోళ్లు మన వసారాలోకి వచ్చేవాళ్లు. నాట్లేసిన చేతులు, గోళ్లలో మట్టి. బలపాన్ని కొడవలి పట్టినట్టు పిడికిట్లో పట్టి నొక్కితే పుటుక్కున విరిగేది. అవ్వ ఒక్కొక్కరి వెనక కూర్చుని చేతి మీద చెయ్యి వేసి దిద్దించేది. బిడ్డలకు పడిన స్కేలు దెబ్బ వాళ్లలో ఒక్కరికీ పడలా. అదేం న్యాయమని నువ్వు అడిగితే, ‘వాళ్లకు పడాల్సినవి ఇంట్లోనే పడుతున్నాయి’ అనిందంట.

దూబగుంటలో ఆడోళ్లు సారా అంగడి మూయించిన కథ రాత్రిబడి వాచకంలో పాఠమై వచ్చిన తర్వాత, మనూళ్లోనూ అంగడి మీదికి పోయారు కదా. అవ్వ ముందు నడిచింది. తీరా అక్కడ పాకెట్టు పళ్లతో చించుతూ నిలబడింది ఎవరు? తాత. ఆ సంగతి మనింట్లో ఎవరూ ఎత్తరు. చేతిలోది లాక్కుని కిందపడేసి తొక్కి, ‘ఇంటికి పోయి గేదెకు కుడితి పెట్టు’ అనిందంట. ఇది గుళ్లో వాళ్లు చేసే పని కాదని అప్పటి పాస్టరు అయ్యగారు కబురు చేస్తే, ఆదివారం పోయి ముందు వరసలోనే కూర్చుంది. నెల్లూరులో సారా వేలంపాటలు అడ్డుకోను పోయినోళ్లలోనూ ఉంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయితే మోకాళ్లూని స్తోత్రం చెప్పింది. 1997లో మద్యనిషేధం ఎత్తేసి బ్రాందీ షాపులు తెరిచినప్పుడు రెండు రోజులు అన్నం ముట్టలేదన్నావు. ఇవన్నీ వదిలేసి శాంతమూర్తి అంటే ఎట్లా?

మందులు మర్చిపోబాకు. బీపీ మాత్ర పొద్దున్నేసుకునేది, గుర్తొచ్చినప్పుడు కాదు.

ఇక్కడ మన తెలుగోళ్ల ఆరాధన శుక్రవారం, అదే సెలవు కాబట్టి. ఇవాళ కానుకల సంచీ నా దగ్గరికొస్తే అవ్వ పాలపొడి డబ్బా మెదిలింది. ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం తీసి అందులో వేసేది కదా, మనకే బియ్యం అడుగంటిన రోజు కూడా. నీకెప్పుడూ చెప్పలా. రెండో తరగతిలో ఆ డబ్బాలో బియ్యం తీసి పుల్లైసు కొనుక్కున్నా. అవ్వ కనిపెట్టింది. స్కేలు వస్తుందని చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడితే, ఆదివారం డబ్బా నా చేతికిచ్చి మోయించింది. గుడి దాకా ఒక్క మాట లేదు. అంత బరువు డబ్బా మళ్లీ మోయలా. కొట్టుంటే బాగుండేది.

కార్డు ఇంకా అచ్చుకు ఇవ్వలేదనుకుంటా. రాత్రిబడి సంగతి ఒక్క వరస రాయమను. తాత మాట వద్దులే. రాత్రిబడిలో దిద్దినోళ్లలో ఉన్నవాళ్లను కూడికకు పిలవమను, ముందు కుర్చీల్లో కూర్చోబెట్టమను. మామతో నువ్వే మాట్లాడు. నేను చెప్తే ‘నాలుగు డబ్బులు పంపితే పెద్దదానివైపోయినావా’ అంటాడు.

నీ కూతురు