బొమ్మ కింద అచ్చువాడి పేరేది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో జపాన్ నాటక నటుల చెక్క అచ్చు చిత్తరువుల మీద వ్యాసం చదివాను. ఆ బొమ్మలు గీసిన షరాకును ఆకాశానికెత్తారు, సంతోషం. 1794లో ఎక్కడినుంచో ఊడిపడి, పది నెలల్లో 140కి పైగా బొమ్మలిచ్చి మాయమైన మనిషిని ఎంత పొగిడినా తక్కువే. కానీ ఆ బొమ్మలు ఆయన 'స్వహస్తాలతో అద్దినవి' అన్నారు. కోడంబాక్కంలో, ప్లేటు మీద ఎక్కించిన బొమ్మను కాగితం మీదికి దించే లితో ప్రెస్సులో తెలుగు సినిమా పోస్టర్లు అచ్చు వేసినవాడిని, ఊరుకోబుద్ధి కాలేదు.

షరాకు ఇచ్చింది సిరా గీతల బొమ్మ. ఆ పల్చని కాగితాన్ని చెర్రీ చెక్కకు బోర్లా అంటించి, గీతకు అటూ ఇటూ తొలిచింది చెక్కుడు పనివాడు. ఆ పనిలో అసలు కాగితం చిరిగి పోతుంది. కణత దగ్గర జుట్టు చూడండి, పోగు పోగూ విడిగా నిలబడి ఉంటుంది. అది పెద్ద పనివాడి చేయి. బట్టల మడతలు శిష్యులకు వదిలేవాడు. ఆపైన రంగుకో చెక్క. ప్రతి చెక్కకూ మూలన ఒక గాడి, అంచున ఒక గాడి. కాగితాన్ని వాటికి ఆనించి పరిచి, వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్లతో రుద్దాలి. మేము మెషీన్ మీద నాలుగు రంగులకే రిజిస్టర్, అంటే రంగు మీద రంగు సరిగ్గా కూర్చోవడం, కుదరక తలలు పట్టుకునేవాళ్లం, హీరో పెదవి ఎరుపు గడ్డం మీదికి జారేది!

బొమ్మలో నటుడి వెనక మెరిసే ముదురు రంగు అభ్రకం పొడి. ఆ ఖర్చు భరించిన ప్రచురణకర్త త్సుతాయ జూజబురో గుర్తు బొమ్మ మీద ఉంది. చెక్కినవాడి పేరూ, అద్దినవాడి పేరూ లేవు. ఆ మాటకొస్తే డచ్చి ఓడల్లో జపాన్ చేరిన మన కోరమాండల్ తీరపు అద్దకపు బట్టల మీద మాత్రం ఎవరి పేరుంది?

ఈ అచ్చులు ఐరోపా చిత్రకారుల మీద వేసిన ముద్ర సంగతి వాన్ గోతో ముగించారు. నన్నడిగితే పారిస్‌లో పనిచేసిన అమెరికా చిత్రకారిణి మేరీ కసాట్ గురించి రాయాల్సింది. 1890లో పారిస్‌లో జపాన్ అచ్చుల ప్రదర్శన చూసి, మరుసటి ఏడాదికి రంగుల అచ్చు బొమ్మలు పది తీసిందామె. చెక్క మీద కాదు, లోహపు రేకుల మీద. బిడ్డకు స్నానం చేయించే తల్లి, ఉత్తరం కవరు నాలుకతో తడుపుతున్న ఆడమనిషి. గీతల పొదుపూ, నీడల్లేని రంగులూ జపాన్‌వే. అయితే అడుగున, కళాకారిణీ మొస్యే లెరువా కలిసి అచ్చు వేశారని చేత్తో రాసింది. లెరువా ఆమె పెట్టుకున్న అచ్చుపనివాడు.

పాత సినిమా పోస్టర్ల మీద త్వరలో వ్యాసం వేస్తామన్నారు. డిజైనర్ల పేర్లు అందరికీ తెలుసు. రంగు రంగుకూ ప్లేటు మీద చేత్తో బొమ్మ ఎక్కించినవాళ్లు కొందరు ఇంకా వడపళని చుట్టుపక్కలే ఉన్నారు. మీ విలేకరిని పంపండి, నేనే వెంటబెట్టుకుని వెళ్తాను.

— ఒక విశ్రాంత ప్రెస్సు కార్మికుడు, చెన్నై