నాన్న చెవికి నచ్చిన ఇంజను: నా కృతజ్ఞతలు

మొన్న ఆదివారం సాయంత్రం మా ముందు గదిలో ఒక షంటింగ్ ఇంజను స్టార్టయింది. అది నేను కట్టిన నమూనా, పొడవు జానెడు. దాని గొంతు విని మా నాన్న కళ్లు మూసుకుని, కాసేపు తల వంచి, "ఆఁ, ఇదీ" అన్నారు. ఆ మాట వినడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఆ పద్నాలుగు నెలల్లో చెయ్యి అందించిన వాళ్లందరికీ ఫోనులో కృతజ్ఞతలు చెప్పాను గాని మనసు నిండలేదు. ఎవరేం చేశారో నలుగురికీ తెలియాలి. పేర్లు రాయవద్దని ఇద్దరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్లకు తెలుస్తుంది.

నాన్న విజయవాడ యార్డులో చాలా ఏళ్లు షంటింగ్ డ్రైవరుగా పనిచేశారు. మేము సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాం. రాత్రి పక్క మీద పడుకుంటే యార్డులో నుంచి వచ్చే ఆ ఇంజను చప్పుడే మాకు జోలపాట. ఆ ఇంజను డబ్ల్యూడీఎస్-6. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజి, డీ అంటే డీజిల్, ఎస్ అంటే షంటింగ్. 1975 నుంచి మన పట్టాల మీదికి వచ్చింది. లోపల ఉండేది అమెరికాకు చెందిన ఆల్కో కంపెనీ రూపొందించిన 251 రకం, ఆరు సిలిండర్ల ఇంజను. ఎక్స్‌ప్రెస్ బండ్లు లాగే ఇంజన్లను అందరూ ఫొటోలు తీస్తారు. రాత్రంతా యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ చేర్చి, తెల్లారేసరికి బండికి కావలసిన పెట్టెల వరస తయారుచేసి పెట్టే ఇంజనును ఎవరూ పట్టించుకోరు. నాకు ఇష్టమైనది మాత్రం అదే.

గ్లకోమా వల్ల నాన్నకు చూపు సగానికి పైగా పోయింది. బయటికి రావడమే మానేశారు. పూణేలో జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం చూసి వచ్చిన రోజున నాకు ఈ ఆలోచన కలిగింది. చూపు లేకపోయినా చెవులు బాగానే ఉన్నాయి కదా, ఆయన ఇంజనును ఆయన ఒళ్లోకే తెచ్చి వినిపిస్తే ఎలా ఉంటుంది?

ఎంచుకున్న స్కేలు హెచ్ఓ, అంటే అసలుకు 87వ వంతు. ఇక్కడ మొదటి చిక్కు పట్టాలతోనే వచ్చింది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే 19.26 వస్తుంది. బజారులో దొరికే హెచ్ఓ పట్టాల మధ్య దూరం 16.5 మాత్రమే, ఎందుకంటే అది విదేశాల్లోని 1435 మిల్లీమీటర్ల గేజికి సరిపోయే కొలత. దాదాపు మూడు మిల్లీమీటర్లు తక్కువ. ఇరుసులన్నీ కొత్తగా చేయించాలా అని నాన్ననే అడిగాను. "పట్టాల మధ్య ఎంత ఉందో నాకెలాగూ కనిపించదు తల్లీ, గొంతు మాత్రం తప్పకూడదు" అన్నారు. అప్పటి నుంచి ఆ మాటే నాకు కొలబద్ద అయింది.

మొదటి కృతజ్ఞత డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన బాబాయి గారికి. ఆయన పాత నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసుకున్న కొలతలే నాకు డ్రాయింగు. హుడ్డు తలుపులెన్ని, రేడియేటర్ జాలీ ఎక్కడ మొదలవుతుంది, మెట్ల మధ్య ఎడమెంత, అన్నీ ఆయన చెబుతుంటే రాసుకున్నాను. అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు కోసి బాడీ కట్టాను. 0.4 మిల్లీమీటర్ల ఇత్తడి తీగతో చేతికమ్మీలు వంచాను. బాడీ పూర్తయ్యాక నాన్న చేతిలో పెడితే ఆయన చూపుడు వేలితో నెమ్మదిగా తడుముతూ వచ్చి కాబ్, అంటే డ్రైవరు గది, తలుపు దగ్గర ఆగారు. "ఎక్కేటప్పుడు ఎడమ చెయ్యి ఇక్కడ పడాలి. నీ కమ్మీ కిందికి ఉంది" అన్నారు. స్కేలు పెట్టి కొలిచాను. మిల్లీమీటరు తేడా. అసలు ఇంజను మీద అది 87 మిల్లీమీటర్లు, అంటే నాలుగు వేళ్ల మందం పైనే. తీగ ఊడదీసి మళ్లీ అతికించాను.

చక్రాలు, మోటారు ఉన్న చాసిస్ పూణేలోని ఒక పెద్దమనిషి ఇచ్చారు. ఆయన దగ్గర పాడై పక్కన పడేసిన అమెరికన్ ఆల్కో మోడల్ ఒకటి ఉంది. దాని బోగీల్లో, అంటే కింద చక్రాలు బిగించే చట్రాల్లో, మూడేసి ఇరుసులు, వాటి మధ్య దూరం సమానంగా ఉండదు. మన ఇంజనుదీ అదే పద్ధతి. ధర అడిగితే "నడిచాక వీడియో పంపండి" అన్నారు. పంపాను సార్. మీరు రెండుసార్లు చూశానని రాసిన జవాబు నాన్నకు చదివి వినిపించాను.

ఇక అసలు కష్టం చెబుతాను. డిజిటల్ పద్ధతిలో, అంటే డీసీసీలో, పట్టాల మీద ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఆ కరెంటులోనే ఆజ్ఞలు కూడా వస్తాయి. ఇంజనులో గోరంత బోర్డు ఒకటి, దాని పేరు డీకోడర్, తన నంబరుకు వచ్చిన ఆజ్ఞను పట్టుకుని మోటారును, దీపాలను, ధ్వనిని నడిపిస్తుంది. ఎరుపు, నలుపు తీగలు పట్టాలకు. నారింజ, బూడిద రంగు తీగలు మోటారుకు. తెలుపు ముందు దీపానికి, పసుపు వెనక దీపానికి, నీలం ఆ దీపాలన్నిటికీ ఉమ్మడి తీగ. ఇవన్నీ చదువుకుని, చార్టు పక్కన పెట్టుకుని సోల్డరింగ్ చేశాను. పట్టాల మీద పెట్టగానే చిన్న చిటపట, ఘాటైన వాసన. బోర్డు మీద నల్ల చిప్పు మధ్యలో ఆవగింజంత గోధుమరంగు మచ్చ. నాలుగు నెలలు దాచిన డబ్బు ఒక్క క్షణంలో పోయింది.

మా వీధి చివర మొబైల్ రిపేరు దుకాణం తమ్ముడికి రైళ్ల సంగతి ఏమీ తెలియదు. మర్నాడు ఇంజనును రుమాలులో చుట్టి తీసుకెళ్లాను. తను ఏమీ అడగకుండా మల్టీమీటరు ముల్లు ఒకటి మోటారుకు కరెంటు అందించే బ్రష్షుకు, ఇంకొకటి చాసిస్ ఇనుముకు ఆనించాడు. బీప్ అంది, అంటే రెండూ కలిసి ఉన్నాయి. "అక్కా, ఇక్కడుంది" అన్నాడు. పాత మోడల్ కాబట్టి కింది బ్రష్షు పట్టీ నేరుగా చాసిస్‌కు తగిలేలా చేశారు. చాసిస్ ఒక పట్టాకు కలిసి ఉంది. అంటే పట్టాల కరెంటు డీకోడర్‌ను దాటి మోటారులోకి వెనక దారిన వచ్చింది. డీసీసీలో మోటారు రెండు కొసలూ డీకోడర్‌కు తప్ప ఇంక దేనికీ తగలకూడదు. ఇది నేను చదివాను. చదివి కూడా పరీక్షించకుండానే బిగించాను. తమ్ముడు ఆ పట్టీ తీసి, కింద కరెంటు పారనివ్వని బంగారు రంగు కాప్టాన్ టేపు రెండు పొరలు వేసి, బూడిద రంగు తీగను విడిగా అతికాడు. మైక్రోస్కోపు కింద అతని చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. మళ్లీ మీటరు పెట్టాడు. నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో మాటల్లో చెప్పలేను. డబ్బు తీసుకోలేదు. "మీ నాన్నగారికి వినిపించండి, చాలు" అన్నాడు. కొత్త మోడలుకైనా, పాతదానికైనా డీకోడర్ పెట్టే వాళ్లు ముందుగా ఈ ఒక్క బీప్ పరీక్ష చేసుకోవాలని నా మనవి.

రెండో డీకోడర్‌తో ఇంజను కదిలింది, దీపం వెలిగింది, శబ్దం కూడా వచ్చింది. ఆల్కో 251 అని పెట్టె మీద రాసి ఉన్న ధ్వనే కొన్నాను. నాన్న పది సెకన్లు విన్నారు. "ఇది డబ్ల్యూడీఎం-2 గొంతమ్మా. మెయిల్ బండి లాగేది. మనది ఇలా గుక్క తిప్పుకోకుండా మాట్లాడదు, ఒక్కొక్క మాటా విడిగా వినిపిస్తుంది" అన్నారు.

ఇక్కడే అమెరికాలో ఉండే తమ్ముడి సాయం వచ్చింది. తను మా పిన్ని కొడుకు స్నేహితుడు, ఇంజన్ల పిచ్చి ఉన్నవాడు. నాన్న అన్న మాట వినగానే లెక్క వేసి పంపాడు. 251 నాలుగు స్ట్రోకుల ఇంజను. ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి 400 చుట్లు. డబ్ల్యూడీఎం-2లో ఉండేవి పదహారు సిలిండర్లు, చుట్టుకు ఎనిమిది పేలుళ్లు, అంటే సెకనుకు సుమారు 53. ఆరు సిలిండర్లయితే చుట్టుకు మూడు, సెకనుకు 20 మాత్రమే. యాభై మూడు కలిసిపోయి ఒకే మూలుగులా వినిపిస్తాయి. ఇరవై అయితే చెవి ఒక్కొక్కదాన్నీ పట్టుకుంటుంది. నాన్న చెవితో చెప్పినదీ, అతను లెక్కతో తేల్చినదీ ఒక్కటే అయింది. నాకు ఒళ్లు జలదరించింది.

ఆల్కో కంపెనీ 1950లలో ఇదే ఆరు సిలిండర్ల 251ని ఎస్-6, టీ-6 అనే షంటింగ్ ఇంజన్లలో పెట్టింది. 1969లో అక్కడ ఇంజన్ల తయారీ ఆగిపోయినా, వారణాసిలోని మన రైల్వే డీజిల్ ఇంజన్ల కర్మాగారంలో ఆ వంశం ఇంకా చాలా ఏళ్లు కొనసాగింది. ఆ తమ్ముడు అలాంటి పాత ఇంజను ఉన్న మ్యూజియం వాళ్లను అడిగి, అనుమతి తీసుకుని, దాన్ని స్టార్ట్ చేసే రోజున నాలుగు గంటలు కారు నడిపి వెళ్లాడు. స్టార్టింగు, ఖాళీ తిరుగుడు, వేగం పెంచే థ్రాటిల్ నాచ్‌లు (మెట్లు) ఒక్కొక్కటి, ఆపేటప్పుడు చివరి దగ్గు, అన్నీ రికార్డు చేసి పంపాడు. ఎముకలు కొరికే చలిలో తీసిన రికార్డింగు అది. మధ్యలో అతను ముక్కు చీదిన చప్పుడు కూడా ఉంది. దాన్ని కత్తిరించి విడిగా దాచుకున్నాను.

ఆ రికార్డింగులను డీకోడర్‌లోకి ఎక్కించడానికి ప్రత్యేకమైన ప్రోగ్రామర్ పరికరం కావాలి. అది బెంగళూరులోని అన్నయ్య దగ్గర ఉంది. మూడు వారాల పాటు ప్రతి రాత్రి ఆఫీసు పని అయ్యాక నాతో కూర్చున్నారు. శబ్దాన్ని ముక్కగా కోసి, అదే ముక్క మళ్లీ మళ్లీ మోగేలా చుట్టూ తిప్పాలి. ఎక్కడబడితే అక్కడ కోస్తే చుట్టు తిరిగిన ప్రతిసారీ టక్కుమంటుంది. ఆరు సిలిండర్లూ ఒక వరస పేలడానికి క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరగాలి. 400 చుట్ల వేగంలో అది సెకనులో పదింట మూడు వంతులు. కాబట్టి ముక్క పొడవు 0.3 సెకన్లకు గుణిజంగా ఉండాలని అన్నయ్య పట్టుబట్టారు. ఏ రెండు సిలిండర్ల గొంతూ ఒకటి కాదు, ఆ వరస చెడితే ఆల్కోకు ఉన్న ఆ కుంటినడక పోతుంది.

ప్రతి కూర్పునూ ఫోనులో నాన్నకు వినిపించాం. పదకొండు కూర్పులు. ఆరోదానికి "థ్రాటిల్ తెరవగానే బండి కదలకూడదమ్మా. ముందు ఇంజను బరువెక్కాలి, తర్వాత చక్రం తిరగాలి" అన్నారు. కదలికను కాస్త ఆలస్యం చేశాం. తొమ్మిదోదానికి బ్రేకు గురించి అడిగారు. బండి బ్రేకు ఏ-9, ఇంజను బ్రేకు ఎస్ఏ-9. షంటింగులో డ్రైవరు చెయ్యి ఎక్కువగా ఎస్ఏ-9 మీదే ఉంటుంది. దాన్ని వదిలినప్పుడు వచ్చే ఉస్సుమనే గాలి ఎంతసేపు ఉండాలో నాన్న నోటితో చేసి చూపించారు. అన్నయ్య ఆ నోటి చప్పుడునే రికార్డు చేసుకుని, దాని నిడివికి సరిపోయేలా గాలి శబ్దాన్ని సర్దారు.

స్పీకరు విషయం కొంచెం చెప్పాలి. చక్కెర బిళ్లంత స్పీకరు, 15 మిల్లీమీటర్ల పొడవు. పెట్టె లేకుండా మోగిస్తే దోమ పాటలా ఉంటుంది. స్పీకరు వెనక నుంచి వచ్చే గాలి అల ముందు అలను చంపేస్తుంది. ఒక మిల్లీమీటరు షీటుతో గాలి చొరబడని పెట్టె కట్టి, రేడియేటర్ జాలీ కింద అమర్చాక గొంతుకు ఛాతీ వచ్చింది.

ఒక దారి నుంచి ఇంకో దారికి పట్టాలు మారే పాయింట్ల మీద నెమ్మదిగా వెళ్లేటప్పుడు కరెంటు తెగి శబ్దం ఆగిపోయేది. నిలవ కరెంటు కోసం 2.7 వోల్టుల సూపర్ కెపాసిటర్లు అయిదు వరసగా పెట్టబోయాను. అన్నయ్య ఆపారు. అయిదు కలిస్తే 13.5 వోల్టులే, పట్టాల వోల్టేజీ అంతకు మించితే ఉబ్బి పేలుతాయి. ఆరు పెట్టించారు, 16.2. ఇప్పుడు పాయింటు మీద కూడా గొంతు తెగదు.

మొన్న ఆదివారం అయిదు అడుగుల చెక్క మీద ఇంజనును పెట్టి రెండు వ్యాగన్లు తగిలించాను. "ఆఁ, ఇదీ" అన్నాక నాన్న లేచి నిలబడ్డారు. కుడి చెయ్యి చాచి నెమ్మదిగా పైకీ కిందికీ ఊపారు. నా నుంచి దూరంగా వెళ్లు అని షంటింగు చేయించేవాళ్లు డ్రైవరుకు చేసే సైగ అది. ఇన్నేళ్లూ ఆ సైగ చూసి బండి కదిపిన మనిషి, మొదటిసారి తానే సైగ చేశారు. నేను థ్రాటిల్ తిప్పాను. ముందు ఇంజను బరువెక్కింది. తర్వాత చక్రం కదిలింది. గంటకు ఎనిమిది కిలోమీటర్ల షంటింగు వేగం ఈ స్కేలులో నిమిషానికి మీటరున్నర. ఆ చివరికి చేరడానికి నిమిషం పట్టింది. ఆ నిమిషం పొడుగునా నాన్న చెయ్యి ఊగుతూనే ఉంది.

ఈ ఆదివారం మొబైల్ దుకాణం తమ్ముణ్ని భోజనానికి పిలిచాను. కాప్టాన్ టేపు వేసిన ఆ చేతిని ఒకసారి పట్టుకోవాలని నాన్న అడుగుతున్నారు. అతనికి ఎస్ఏ-9 ఎలా వేయాలో నేర్పిస్తారట.